రడ్డర్‌కు తెలుగు: చుక్కాని చుట్టూ తెగని చర్చ

ఓడ వెనక కొసన, నీటిలో నిలువుగా దిగి ఉండే పలకను ఇంగ్లీషులో రడ్డర్ అంటారు. విమానం తోక మీద నిటారుగా లేచిన రెక్కకు వెనక అంచున, మడతబందుల మీద అటూ ఇటూ కదిలే భాగానికీ అదే పేరు. మొదటిదానికి తెలుగులో చుక్కాని అనే మాట ఎప్పటినుంచో ఉంది. రెండోదానికి పేరు స్థిరపడలేదు. కొందరు చుక్కాని అనే రాస్తారు, కొందరు రడ్డర్ అని వదిలేస్తారు, ఇంకొందరు తోక రెక్క అనో దిశానియంత్రకం అనో అంటారు. చూడటానికి చిన్న విషయం. అయితే పరిభాష గురించి తెలుగులో నూరేళ్లుగా నడుస్తున్న వాదాలన్నీ ఈ ఒక్క మాట దగ్గర ఎదురుపడతాయి. జపాను భాష కూడా ఇదే మాటతో చాలాకాలంగా కుస్తీ పడుతోంది. అక్కడ కుదిరినదీ కుదరనిదీ తెలుగు చర్చకు పనికొస్తాయి.

పలక చేసే పని

పేరు సంగతి తేల్చాలంటే ముందు వస్తువు ఏం చేస్తుందో చూడాలి. చుక్కాని పలక కుడికి తిరిగితే దాని మీద పారే నీరు పడవ వెనక కొసను ఎడమకు నెడుతుంది, ముక్కు కుడికి మళ్లుతుంది. అంటే పడవ ముందు నుంచి తిరగదు, వెనక నుంచి తిరుగుతుంది. లారీ ముందు చక్రాలతో తిరిగినట్టు కాదిది. లారీ అలవాటున్నవాడు మొదటిసారి పడవ పట్టుకుంటే తడబడేది ఇక్కడే.

ఇంకో సంగతి. పలక మీదుగా నీరు పారితేనే చుక్కాని పనిచేస్తుంది. ఇంజను ఆపేసి వాలులో వదిలిన పడవ ప్రవాహంతో సమానంగా కొట్టుకుపోతుంది. పలకకూ నీటికీ మధ్య కదలిక ఉండదు కాబట్టి చుక్కాని ఎటు తిప్పినా ముక్కు తిరగదు. వరద గోదావరిలో వాలుకు దిగే పడవకైనా తెడ్డో ఇంజనో ఆడుతూనే ఉండాలనడం ఇందుకే. ‘చుక్కాని లేని నావ’ అనే నానుడి అందరికీ తెలుసు. చుక్కాని ఉండి, దాని మీద పారే నీరు లేని నావ కూడా అంతే నిస్సహాయం.

మాట ఎక్కడిది

అరబీలో సుక్కాన్ అంటే ఓడ చుక్కాని. పారశీకంలో సుక్కానీ అంటే దాన్ని పట్టేవాడు. ఇంగ్లీషు వ్యాపారుల ఓడల్లో ఈ మాటే ‘సీకన్నీ’గా మారి, చక్రం పట్టే దేశీ నావికుడి పేరైంది. పడమటి తీరాన గుజరాతీలో సుకాన్, మరాఠీలో సుకాణూ అన్నారు. దక్షిణాన మలయాళంలో చుక్కాన్, తమిళంలో సుక్కాన్, కన్నడంలో చుక్కాణి, తెలుగులో చుక్కాని. అరబ్బు ఓడలు తాకిన రేవులన్నిటా ఈ మాట దిగింది.

ఈ మాట ఒంటరిగా రాలేదు. లంగరు, సరంగు, కళాసీ కూడా ఆ దారినే వచ్చాయి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయం ఇస్తూ శాసనం వేయించాడు. ఓడ మునిగితే సరుకు లాక్కోబోమన్న హామీ అందులో ముఖ్యం. శ్రీనాథుడి హరవిలాసంలో జోంగు వంటి దూరదేశపు ఓడల పేర్లు కనిపిస్తాయి. కోరంగి, తాళ్లరేవు కొయ్య ఓడల నిర్మాణానికి పేరుపడ్డాయి. బర్మాకు వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచారు. ఇంత రాకపోకలున్న తీరంలో నౌకామాటలు కలగాపులగం కాకపోతేనే వింత.

చుక్కాని అంటే చుక్కలను చూసి ఓడ నడిపే సాధనం కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు చెబుతారు. వినడానికి అందంగా ఉన్నా ఇది నిలవదు. చుక్క తెలుగు మాట, గుజరాతీ సుకాన్‌కూ మరాఠీ సుకాణూకూ దానితో పని లేదు. తెలుగు చెవికి చుక్కతో చుట్టరికం కుదిరినట్టు అనిపించింది, మాట ఇంటిదైపోయింది. తేలని ముడి మరొకటి ఉంది. తమిళ, మలయాళ రూపాల చివర ఇకారం లేదు, తెలుగు, కన్నడ రూపాల చివర ఉంది. అది సుక్కాన్‌కు తెలుగు, కన్నడాలు తగిలించుకున్న తోకా, లేక మనిషిని చెప్పే సుక్కానీయే ఇక్కడ వస్తువు పేరుగా మారిందా? రెండోదే నిజమైతే, పట్టేవాడి పేరు పలకకు పెట్టి, పట్టేవాడికి వేరే పేరు వెతుక్కున్నట్టవుతుంది.

1852లో వెలువడిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు నాటికే చుక్కాని నిఘంటువుకెక్కింది. కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మాత్రం అకారంతో మొదలయ్యే అంశాల దగ్గరే ఆగిపోయింది. చకారం దాకా సాగి ఉంటే ఓడ చుక్కానికీ అప్పుడప్పుడే పుడుతున్న విమానపు చుక్కానికీ ఒకే చోట వివరణ వచ్చి ఉండేదేమో.

గోదావరి రేవుల్లో

బొగ్గు గనుల ఊరు మణుగూరు గోదావరి కుడి ఒడ్డున ఉంది. ఎదురొడ్డున దుమ్ముగూడెం, పర్ణశాల. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయ్యాక, గోదావరి మీద ఆవిరి పడవలను మధ్య భారతం దాకా నడపాలన్న పథకం ముందుకు వచ్చింది. నదికి అడ్డుపడే మూడు రాతి పట్టుల్లో మొదటిది దుమ్ముగూడెం దగ్గరే ఉంది. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో అక్కడ ఆనకట్టా లాకులూ కట్టారు. 1871లో పథకాన్ని వదిలేశారు. భద్రాచలం వంతెన 1965లో వచ్చేదాకా ఈ అడవి అంచు జనానికి నది దాటాలంటే పడవే దిక్కు.

ఇక్కడి నాటు పడవను దగ్గరగా చూస్తే పరిభాషా చర్చకు అసలు పాఠం దొరుకుతుంది. చిన్న పడవకు చుక్కాని విడిగా ఉండదు. వెనక కొసన కూర్చున్నవాడి చేతిలో ఒకే తెడ్డు. నీటిని వెనక్కి తోస్తే పడవ ముందుకు సాగుతుంది. తోపు ముగిసేచోట తెడ్డు రేకను కాస్త మెలిపెట్టి, నీళ్లలోనే ఒక్క క్షణం నిలబెడితే పక్కకు జరిగిన ముక్కు సరిదిద్దుకుంటుంది. ఆ క్షణంలో తెడ్డే చుక్కాని. లోతు తక్కువైతే గడ వేస్తారు, గడ ఊనిన కోణమే దారిని నిర్ణయిస్తుంది. మోటారు బిగించిన పడవల్లో పిడి పట్టుకుని మోటారునే అటూ ఇటూ తిప్పుతారు. అక్కడా పలక లేదు, పని మాత్రం ఉంది. పెద్ద లాంచీలకు వచ్చేసరికి చక్రం, గొలుసు లేదా తీగతాడు, వెనక పలక, ఇలా విడివిడి భాగాలవుతాయి.

కాబట్టి చుక్కాని అనే మాట రేవులో ఒకప్పుడు వస్తువు పేరు, ఇంకొకప్పుడు చేతిపని పేరు. వాడుకలో ఇది ఇబ్బంది పెట్టదు, పక్కనే పడవ ఉంటుంది గనుక. పుస్తకంలోకి ఎక్కించేటప్పుడే ఇబ్బంది.

మనిషి పేరులోనూ ఇలాంటిదే ఉంది. 1917 నాటి లోతట్టు జలరవాణా చట్టంలో సరంగు వేరు, ఇంజను డ్రైవరు వేరు, ఇద్దరికీ వేర్వేరు యోగ్యతా పత్రాలు. దారి సరంగు చేతిలో, ఇంజను డ్రైవరు చేతిలో. రోడ్డు మీది తెలుగులో డ్రైవరంటే స్టీరింగ్ పట్టేవాడు. కాబట్టి లాంచీ డ్రైవరు అని రాసినప్పుడు అతను చుక్కాని పట్టాడో ఇంజను చూసుకున్నాడో పాఠకుడికి తెలియదు. ప్రమాదాల వార్తల్లో ఈ తేడా చిన్నది కాదు, బాధ్యత ఎవరిదన్నది ఆ మాట మీదే ఆధారపడుతుంది. 2021లో కొత్త లోతట్టు నౌకల చట్టం వచ్చింది. సరంగు అన్న మాట మాత్రం గోదావరి మీద ఇంకా బతికే ఉంది, బతకాలి కూడా.

నాలుగు వాదాలు

తెలుగులో శాస్త్ర పరిభాష పని గట్టిగా సాగింది 1960ల రెండో సగం నుంచి. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది, 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది, కళాశాల చదువులు తెలుగు మాధ్యమంలోకి వచ్చాయి. అంతకు ముందే 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం వెలువడింది, 1971లో చేనేత పదకోశం వచ్చింది. ఒకవైపు కొత్త మాటలు కట్టడం, ఇంకోవైపు వృత్తులవాళ్ల నోటినుంచి ఉన్న మాటలు ఏరడం. రడ్డర్ విషయంలో వినిపించే వాదాలు ఈ రెండు దారుల నుంచీ వచ్చినవే.

సంస్కృత వాదానికి బలం అఖిల భారత వ్యాప్తి. అమరకోశం వారివర్గంలో చుక్కానికి అరిత్రం, కేనిపాతకం అనే పేర్లున్నాయి, దాన్ని పట్టేవాడు కర్ణధారుడు. కర్ణధారుడు తెలుగు పత్రికల్లో నేటికీ నాయకుడన్న అర్థంలో కనిపిస్తాడు. చిక్కేమిటంటే కర్ణం అంటే బడిపిల్లలకు లంబకోణ త్రిభుజంలో పొడుగు భుజం. అరిత్రం, కేనిపాతకం ఎవరికీ తెలియవు. దిశానియంత్రకం వంటి కొత్త సమాసం అర్థమవుతుంది గానీ, అది దిక్సూచికైనా స్టీరింగ్‌కైనా రైలు పట్టాల పాయింటుకైనా సరిపోయే మాట. వస్తువును చూపించలేని పేరు పరిభాషగా నిలవదు.

వాడుకమాట వాదం చుక్కానినే పట్టుకుంటుంది. ఉన్న మాట, పొట్టి మాట, అందరికీ తెలిసిన మాట. విమానానికి వాడితే తప్పేమిటన్నది వీళ్ల ప్రశ్న. ఖమ్మం, భద్రాచలం వైపు ఎద్దుల బండిని తోలినట్టే లారీనీ తోలుతారు. పశువును అదిలించే క్రియ డీజిలు బండికి మారింది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నీటి మాట గాలిలోకి ఎందుకు మారకూడదు?

మూడోది, ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్టు ఉంచాలన్న వాదం. మణుగూరు ఓపెన్ కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాళ్లకు స్టీరింగ్ తెలుగు మాటే. దానికి ఇంకో మాట చెబితే అదే పరాయిది అనిపిస్తుంది. పైలట్ల శిక్షణ ఇంగ్లీషులో, విడిభాగాల జాబితా ఇంగ్లీషులో. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో సీ-130జే రవాణా విమానాల తోక భాగం తయారవుతోంది. అక్కడ పనిచేసే తెలుగు కార్మికుడికి కావలసింది నక్షా మీద రాసిన మాట. ఈ వాదంలో న్యాయం ఉంది. లోపం బడిలో బయటపడుతుంది. రడ్డర్ అన్న శబ్దంలో తెలుగు పిల్లవాడికి పట్టుకోవడానికి ఏమీ లేదు. రడర్, రడ్డరు, రడ్డర్ అని మూడు రకాలుగా రాస్తారు, పక్కనే రాడార్ ఉంది, అది మరో వస్తువు.

వివరణ వాదం నాలుగోది: తోక రెక్క, తోక పలక, మలుపు రెక్క. పత్రికలకు ఇది హాయి. కానీ విమానం తోకకు నిలువు రెక్క ఒకటి, అడ్డ రెక్కలు రెండు. కదిలేవి, కదలనివి మళ్లీ వేరు. తోక రెక్క అంటే ఏది?

పక్కపక్కన పెట్టి చూస్తే, సంస్కృత సమాసం అర్థం చెబుతుంది గానీ వస్తువును చూపదు. ఇంగ్లీషు మాట వస్తువును చూపుతుంది గానీ అర్థం చెప్పదు. వివరణ వార్తకు చాలుతుంది, పాఠానికి చాలదు. చుక్కాని అర్థమూ చెబుతుంది, వస్తువునూ చూపుతుంది. అయితే గాలిలో అది చూపే పని సరైనదేనా అన్న సందేహం మిగులుతుంది. అది ఈ చర్చలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న.

జపాను భాష ఏం చేసింది

జపాను భాషలో ఓడ చుక్కానిని కాజి అంటారు. దాన్ని రాసే చీనా అక్షరంలో ఎడమ సగం పడవ గుర్తు. ఆ అక్షరానికే దా అనే మరో ఉచ్చారణ ఉంది, సమాసాల్లో అది వస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు మెయిజీ కాలం నుంచి పాశ్చాత్య శాస్త్రాలను తెచ్చుకునేటప్పుడు జపాన్ పండితులు చీనా అక్షరాలను జోడించి వేలకొద్దీ మాటలు కట్టారు. విమానం వచ్చినప్పుడూ అదే చేశారు. రడ్డర్ హోకోదా అయింది, అంటే దిక్కు చుక్కాని. ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ షోకోదా అయింది, అంటే ఎక్కుదిగుళ్ల చుక్కాని. రెక్కల చివరి ఎయిలరాన్ మాత్రం హోజోయోకు, అంటే సహాయ రెక్క. అయినా పైలట్లు ఈ మూడింటినీ కలిపి సందా, మూడు చుక్కానులు, అంటారు. ఆకాశంలో ఎగిరే యంత్రం పేరులో పడవ గుర్తు అలాగే ఉండిపోయింది.

ఇది జపాన్ ఒక్కదాని ఆలోచన కాదు. జర్మన్ భాషలోనూ మూడూ రూడర్‌లే: పక్క చుక్కాని, ఎత్తు చుక్కాని, అడ్డ చుక్కాని. ఫ్రెంచిలో గువెర్నాయ్ అనే ఓడ మాటే రడ్డర్‌కూ ఎలివేటర్‌కూ చెల్లింది. రైట్ సోదరులు కూడా తమ విమానం ముందు అమర్చిన ఎలివేటర్‌ను ముందు రడ్డర్ అనే పిలిచేవారు. ఇంగ్లీషే తర్వాత దారి మార్చుకుని ఎలివేటర్, ఎయిలరాన్ అనే వేరు పేర్లు స్థిరపరచుకుంది. అంటే నీటి మాటను గాలికి వాడటం కొత్త సాహసమేమీ కాదు, విమానం పుట్టినప్పటి పద్ధతే.

అయితే జపాన్‌లో కథ అంతటితో ఆగలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లీషు మాటలు, పరాయి మాటలు రాసే కటకానా లిపిలో, వెల్లువెత్తాయి. రడ్డర్ రదా అయింది. జపాను భాషలో రకార లకారాలకు తేడా లేదు కాబట్టి లాడర్, అంటే నిచ్చెన, కూడా రదాయే. ఓడ మీద రెండూ ఉంటాయి. మోటారు కారు స్టీరింగ్‌ను హందొరు అంటారు, హ్యాండిల్‌కు వచ్చిన రూపం అది. తెలుగులో హ్యాండిల్ సైకిలుకు, స్టీరింగ్ కారుకు, పగ్గం బండికి, చుక్కాని పడవకు పంచుకున్నట్టే అక్కడా వాహనానికో మాట వచ్చింది. ఓడ నడపడానికి సోదా, విమానం నడపడానికి సోజు అని క్రియను కూడా వేరు చేశారు. ఇప్పుడు పాఠ్యపుస్తకంలో హోకోదా, హ్యాంగరులో రదా. రెండూ నడుస్తున్నాయి, ఒకటి మరోదాన్ని చంపలేదు.

తెలుగుకు ఇందులో ఉన్న పాఠం స్పష్టమే. జపాన్ గెలిచింది ఒక గొప్ప కొత్త మాట కనిపెట్టి కాదు, వాడుకలో ఉన్న పాత అక్షరాన్ని వేరుగా పెట్టుకుని దానికి కొమ్మలు మొలిపించి. చుక్కానికి ఆ శక్తి ఉంది. దిక్కు చుక్కాని, ఎత్తు చుక్కాని అన్నవి నోటికి ఎబ్బెట్టుగా లేవు, విన్నవెంటనే తెలుస్తాయి. విశాఖపట్నం ఆర్కే బీచిలో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామికి నిలువు పలకలూ అడ్డ పలకలూ రెండూ ఉన్నాయి. నిలువువి పక్కలకు తిప్పేవి, అడ్డంవి లోతు మార్చేవి. ఆ అడ్డ పలకలకు లోతు చుక్కాని అన్న పేరు ఎంత అతుకుతుందో అక్కడ నిలబడి చూసినవాళ్లకు వివరించనక్కర్లేదు.

విమానం దగ్గర చిక్కు

ఇప్పుడు ఆ బరువైన ప్రశ్న. చుక్కాని అంటే దారి మళ్లించేది. విమానం మలుపు తిరిగేది ప్రధానంగా రడ్డర్‌తో కాదు. ఎయిలరాన్‌లతో విమానాన్ని ఒక పక్కకు ఒరిగిస్తారు. రెక్కలు పైకి ఎత్తే బలంలో కొంత పక్కకు లాగుతుంది, దానితో దారి వంగుతుంది. సైకిలు మలుపులో ఒరిగినట్టు. ఒరిగించేటప్పుడు పైకి లేచే రెక్కకు గాలి అడ్డు ఎక్కువై ముక్కు మలుపుకు ఎదురుదిశలో జరగబోతుంది. దాన్ని సరిదిద్దడం రడ్డర్ పని. పక్కగాలిలో దిగేటప్పుడు ముక్కును రన్‌వేకు నేరుగా తేవడం, రెండు ఇంజన్లలో ఒకటి ఆగితే విమానం ఒక పక్కకు తిరిగిపోకుండా నిలపడం కూడా దాని పనే. రైట్ సోదరులకు ఇది 1902లో అనుభవంలోకి వచ్చింది. 1901 గ్లయిడరుకు నిలువు తోక లేదు. మరుసటి ఏడు కదలని తోక పెట్టారు, అది చాలక కదిలే రడ్డర్‌గా మార్చారు. వాళ్లు దాన్ని పెట్టుకున్నది రెక్కలు మెలిపెట్టినప్పుడు ముక్కు ఎదురు తిరగకుండా కాయడానికి.

అందువల్ల చుక్కాని అంటే పాఠకుడు పొరబడతాడని అభ్యంతరం చెప్పేవాళ్లు పూర్తిగా తప్పు కాదు. కానీ ఇంగ్లీషు రడ్డర్ కూడా ఓడ నుంచి వచ్చినదే, ఆ మాట విన్న ఇంగ్లీషు పిల్లవాడూ అలాగే పొరబడతాడు. జపాన్ హోకోదాలో దిక్కు అన్న అర్థం ఇంకా బాహాటంగా ఉంది. పేరు వస్తువును గుర్తుపట్టిస్తే చాలు, అది ఎలా పనిచేస్తుందో పాఠం చెప్పుకుంటుంది. దిశానియంత్రకం వంటి మాటకు ఆ సౌకర్యం లేదు. అది పేరులోనే పనిని ప్రకటిస్తుంది, ఆ ప్రకటన సగం తప్పు. చుక్కాని వస్తువు పేరు కాబట్టి దానికి ఆ దోషం తక్కువ.

కుడి ఎడమల తగాదా

చుక్కానికి చెప్పే ఆజ్ఞల చరిత్ర మరీ చిక్కు. పలకకు తగిలించిన కర్రను ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. పాత ఇంగ్లీషు ఓడల్లో ఆజ్ఞ కర్రను ఉద్దేశించి ఇచ్చేవారు. చక్రం వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. 1912లో టైటానిక్ మీద కుడి అనే అర్థమున్న ఆజ్ఞకు ఓడ ఎడమకు తిరిగింది, నాటి పద్ధతి ప్రకారం అది సరైనదే. 1929 అంతర్జాతీయ ఒప్పందం తర్వాత, బ్రిటన్‌లో 1933 జనవరి 1 నుంచి, ఓడ ఎటు తిరగాలో అటే ఆజ్ఞ చెప్పాలని మార్చారు.

జపాన్ నావికుల ఆజ్ఞలు వేరే మూలం నుంచి వచ్చాయి. పాత దిక్సూచి మీద పన్నెండు దిక్కులకు పన్నెండు జంతువుల పేర్లు. ఉత్తరం ముందుంటే కుడివైపు తూర్పు, అది కుందేలు దిక్కు. ఎడమవైపు పడమర, అది కోడి దిక్కు. కుందేలు వైపు చుక్కాని అన్నది అరిగి ఒమోకాజి అయింది, కోడి వైపుది తొరికాజి. ఇదే దారిలో సాగు అనడానికి యోసొరో. జపాన్ నౌకాదళంలో ఈ మాటలు నేటికీ వినిపిస్తాయి.

వీటికి తెలుగులో సాటి మాటలు లేవని అనుకోవడం పొరపాటు. ఎద్దుల కాడికి ఎడమవైపు దాపల, కుడివైపు వలపల. తెలంగాణలో దాపటెద్దు, ఎలపటెద్దు అంటారు. ఈ మాటల గొప్పతనం ఏమిటంటే ఇవి మాట్లాడేవాడి చేతులను బట్టి మారవు. ఎదురుగా నిలబడి చూసినా దాపటెద్దు దాపటెద్దే. ఇంగ్లీషు నావికులకు పోర్ట్, స్టార్‌బోర్డ్ అన్న మాటలు కావలసివచ్చింది సరిగ్గా ఇందుకే. ఓడ మీద ఎవరు ఎటు తిరిగి నిలబడ్డా మారని ఎడమ, మారని కుడి కావాలి. పొలంలో పుట్టిన ఈ జంటను నౌకాపరిభాషలోకి తేవాలని గట్టిగా అడిగినవారు కనబడరు. కాడి తోలేవాళ్లు తగ్గిపోతున్న కొద్దీ ఆ మాటలూ జారిపోతున్నాయి, బాధ కలిగించే సంగతి అది. ప్రస్తుతం ఓడ నడిపే గదిలో ఆజ్ఞలు ఇంగ్లీషులోనే. 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆమోదించిన ప్రామాణిక వాక్యాలూ ఇంగ్లీషువే. ఆజ్ఞగా కాకపోయినా, వివరించే పుస్తకంలో దాపల, వలపలలకు చోటుంది.

తేలనివి

క్రియ తేలలేదు. స్టీర్ చేయడాన్ని తెలుగు వాహనాన్ని బట్టి విడదీస్తుంది: బండి తోలడం, కారు నడపడం, స్టీరింగ్ తిప్పడం, పడవ మళ్లించడం. నడపడంలో ఇంజనూ దారీ రెండూ ఉన్నాయి, దారి ఒక్కదాన్ని చెప్పే క్రియ లేదు. చుక్కాని పట్టడం ఆ పనికి దగ్గరగా వస్తుంది. నదిలో సరంగుకూ పత్రికలో నాయకుడికీ సరిపోతుంది. విమానానికి సరిపోదు, పైలట్ రడ్డర్‌ను కాళ్లతో నొక్కుతాడు.

ఉపమానాల లెక్కా తేలలేదు. మరాఠీలో స్టీరింగ్ కమిటీని సుకాణూ సమితి అంటారు. తెలుగు పత్రికలు స్టీరింగ్ కమిటీ అనే రాస్తాయి, కొత్త అధ్యక్షుడు వస్తే పగ్గాలు చేపట్టాడంటాయి. నావకన్నా బండే తెలుగు ఊహకు దగ్గరని దీని అర్థమా, లేక నది జీవితం పత్రికా భాషలోకి రాలేదని అర్థమా? గ్రీకులో చుక్కాని పట్టేవాణ్ణి కుబెర్నెతీస్ అన్నారు. 1948లో నార్బర్ట్ వీనర్ దాని నుంచే సైబర్నెటిక్స్ అనే పేరు తీశాడు. ఇప్పుడు ప్రతి జిల్లాలో వినిపించే సైబర్ నేరం అన్న మాటలో ఆ సరంగే ఉన్నాడు.

అన్నిటికన్నా కొత్త ప్రశ్న పొలాల్లో ఎదురవుతోంది. 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకం కింద మహిళా సంఘాలకు 15,000 డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. పురుగుమందు చల్లే డ్రోన్‌కు రెక్కల్లేవు, తోక లేదు, రడ్డర్ పలక లేదు. నాలుగో ఆరో ఫ్యాన్లు వేర్వేరు వేగాలతో తిరగడం వల్లే అది ఉన్నచోట గిర్రున తిరుగుతుంది. అయినా చేతిలోని రిమోట్‌లో ఎడమ పుల్లను పక్కకు జరిపే ఆజ్ఞను చాలామంది రడ్డర్ అనే అంటారు, విమాన నమూనాల రోజుల నుంచి వచ్చిన అలవాటు. గోదావరి పడవవాడు తెడ్డును ఒక్క క్షణం మెలిపెట్టి చేసే పనీ, ఈ పుల్ల చేసే పనీ ఒకటే: పలక లేకుండా ముక్కు తిప్పడం. తెలుగులో డ్రోన్ పాఠం రాసేవాళ్లు ఈ పుల్లకు ఏ పేరు పెడతారో ఇంకా తేలలేదు. చుక్కాని పుల్ల అని రాస్తే, మిరప చేను గట్టున రిమోట్ పట్టుకున్న మహిళకు అది ఏ దిక్కున ఏం చేస్తుందో మాటలోనే సగం తెలుస్తుంది. మిగతా సగం ఆమె బొటనవేలు నేర్చుకుంటుంది.